ఇవి గొర్రె పాలేనా? ల్యాబ్ ఏం చెబుతుంది?

దోహాలో ఓ శుక్రవారం సాయంత్రం. నెల సామాన్లు కొందామని సూపర్ మార్కెట్‌కు వెళ్లాం. నాతో పాటు మా పక్క ఊరి పెద్దన్న కూడా ఉన్నాడు. ఆయన ఊరికి దూరంగా ఎడారిలో ఒక మజ్రాలో గొర్రెలు కాస్తాడు. పన్నెండేళ్లుగా అదే పని. నెలకోసారి ఇటు వస్తే నా రూంలోనే ఉంటాడు.

పప్పు, చింతపండు తీసుకుని వస్తుంటే చీజ్ ప్యాకెట్లు పెట్టిన ఫ్రిజ్ దగ్గర ఆయన ఆగిపోయాడు. పక్కపక్కనే రెండు రకాల తెల్ల చీజ్. రెండూ ఒకే సైజు. ఒకదాని మీద ఆవు బొమ్మ, ఇంకోదాని మీద గొర్రె బొమ్మ. గొర్రె బొమ్మ ఉన్నదాని ధర దాదాపు రెట్టింపు!

"తమ్మీ, బొమ్మ గొర్రెది ఏసినంత మాత్రాన లోపట ఉన్నది గొర్రె పాలేనని ఎట్ల నమ్ముడు? ఎవలన్న చూసిన్రా?" అని అడిగాడు.

"ల్యాబ్‌లో టెస్ట్ చేస్తారన్నా" అన్నాను.

"ఏం టెస్టు?"

నా దగ్గర జవాబు లేదు. నేను చదివింది సివిల్ డిప్లొమా. కాంక్రీట్ టెస్టుల గురించి అడిగితే గంటసేపు చెప్పగలను గానీ పాల గురించి నాకేం తెలుసు? కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. డ్యూటీ అయ్యాక రాత్రిళ్లు కూర్చుని చదివాను. అర్థం కానిచోట కెమిస్ట్రీ చదువుకున్న స్నేహితులను అడిగాను. అలా తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

గొర్రె పాలకు ఎందుకంత ధర?

మన తెలుగు నేలకు గొర్రెలు కొత్త కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెల సంఖ్యలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండో స్థానం. తెలంగాణలో సుమారు కోటీ 90 లక్షలు, ఆంధ్రాలో కోటీ 76 లక్షల గొర్రెలున్నాయి. అయినా మన దగ్గర గొర్రె పాలు బజారుకు రావు. మనం పెంచేది మాంసానికి. పాలు పిల్లలకే వదిలేస్తాం. మందతో తిరిగే కాపరులు తాగితే తాగుతారు, అంతే.

గ్రీసు, ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్, సైప్రస్ దేశాల్లో అలా కాదు. అక్కడ గొర్రె పాలతో చీజ్ చేయడం వందల ఏళ్ల నాటి వృత్తి. గ్రీసు ఫెటా, ఫ్రాన్స్ రోక్‌ఫోర్, ఇటలీ పెకోరినో, స్పెయిన్ మంచెగో అన్నీ గొర్రె పాలతో పేరు తెచ్చుకున్నవే. అరబ్బు దేశాల్లోనూ గొర్రె పాలు వాడతారు. జోర్డాన్‌వాళ్ల మన్సఫ్ వంటకంలో వేసే జమీద్ కూడా గొర్రె పాలో, మేక పాలో తోడుపెట్టి ఎండబెట్టిందే.

ఆవు పాలలో ప్రొటీన్ నూటికి 3.3 గ్రాముల దగ్గర ఉంటే, గొర్రె పాలలో 5.5 గ్రాముల దగ్గర ఉంటుంది. వెన్న కూడా ఎక్కువే. ఆ ప్రొటీన్‌లో ముప్పావు వంతుకు పైగా కేసిన్. చీజ్‌గా గడ్డకట్టేది అదే. అందుకే కిలో చీజ్‌కు ఆవు పాలైతే పది లీటర్ల దాకా కావాలి. గొర్రె పాలైతే ఐదారు లీటర్లు సరిపోతాయి. ఈ లెక్కలేవీ చదవకుండానే పెద్దన్నకు సంగతి తెలుసు. వాళ్ల మజ్రాలో ఉండేవి అవాసీ జాతి గొర్రెలు. ఇక్కడ నయీమీ అంటారు. "ఆ పాలు తోడు పెడితే చెంచా నిలబడ్తది తమ్మీ" అంటాడు.

కానీ గొర్రె ఇచ్చే పాలు తక్కువ. ఏడాదిలో కొన్ని నెలలే ఇస్తుంది. ఆవు పాలు మాత్రం ట్యాంకర్ల కొద్దీ చవగ్గా దొరుకుతాయి. అందుకే గొర్రె పాలలో కొంచెం ఆవు పాలు కలిపి, గొర్రె పాల ధరకే అమ్మేయాలన్న ఆశ పుడుతుంది. ఇందులో నష్టపోయేది కొనేవాడొక్కడే కాదు. నిజాయతీగా గొర్రెలు సాకి, పాలు పిండే కాపరి నోటి దగ్గర ముద్ద కూడా పోతుంది.

బీరు కంపెనీ ల్యాబ్‌లో పుట్టిన పద్ధతి

పాలలో ప్రొటీన్ కొలవడానికి ఇప్పటికీ ప్రామాణికంగా చూసే పద్ధతి పేరు కెల్డాల్. ఇది 1883 నాటిది. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీకి ఒక పరిశోధనశాల ఉండేది. అక్కడి రసాయన శాస్త్రవేత్త యోహాన్ కెల్డాల్ దీన్ని కనిపెట్టాడు. ఆయన కొలవాలనుకున్నది పాలను కాదు, బీరు తయారీకి వాడే ధాన్యంలోని ప్రొటీన్‌ను. తర్వాత అదే పద్ధతి పాలకూ వచ్చింది.

ముందు పాల శాంపిల్‌ను 40 డిగ్రీల దాకా గోరువెచ్చగా చేసి మెల్లగా కలుపుతారు. వెన్న పైకి తేలి ఉంటే లెక్క తప్పుతుంది కదా! గొర్రె పాలలో వెన్న ఎక్కువ కాబట్టి ఈ జాగ్రత్త ఇంకా అవసరం. తర్వాత కొద్దిగా పాలు తూచి గాజు గొట్టంలో పోసి, గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపి 400 డిగ్రీల దగ్గర మరిగిస్తారు. పొటాషియం సల్ఫేట్ వేస్తే యాసిడ్ మరిగే వేడి పెరుగుతుంది. కాపర్ సల్ఫేట్ పనిని వేగంగా నడిపిస్తుంది. మొదట పాలు బొగ్గులా నల్లబడతాయి. గంట, రెండు గంటలకు ద్రవం తేటగా మారుతుంది. అప్పటికి ప్రొటీన్ మొత్తం విరిగిపోయి అందులోని నత్రజని అమ్మోనియం లవణంగా మారి ఉంటుంది.

చల్లారాక కాస్టిక్ సోడా కలిపితే అమ్మోనియా వాయువు బయటికి వస్తుంది. దాన్ని ఆవిరితో పాటు పంపి బోరిక్ యాసిడ్‌లో పట్టుకుంటారు. దానికి చుక్క చుక్కగా హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేస్తూ, రంగు మారేదాకా ఎంత పట్టిందో చూస్తారు. ఆ కొలతను బట్టి నత్రజని ఎంతో తెలుస్తుంది.

పాల ప్రొటీన్ బరువులో నత్రజని 15.67 శాతం ఉంటుందని లెక్క. నూరును 15.67తో భాగిస్తే 6.38 వస్తుంది. కాబట్టి నత్రజనిని 6.38తో గుణిస్తే ప్రొటీన్ లెక్క వచ్చేస్తుంది. వంద గ్రాముల గొర్రె పాలలో 0.88 గ్రాముల నత్రజని ఉందనుకుందాం. 0.88 ఇంటూ 6.38... అంటే 5.6 గ్రాముల ప్రొటీన్.

ఇలాంటిదే ఇంకో పద్ధతి డ్యూమాస్. ఇందులో యాసిడ్ గొడవ లేదు. శాంపిల్‌ను ఆక్సిజన్‌లో వెయ్యి డిగ్రీల దగ్గర కాల్చేసి, వచ్చిన నత్రజని వాయువును మిషన్ కొలుస్తుంది. కొన్ని నిమిషాల్లో పని అయిపోతుంది.

'యూరియా కలిపితే ఏమైతది?'

ఇదంతా ఫోన్‌లో పెద్దన్నకు చెప్పాను. ఊళ్లో వ్యవసాయం చేసిన మనిషి కదా, మొత్తం విని ఒక్క ముక్క అడిగాడు.

"అంటే తమ్మీ, వాళ్లు ప్రొటీన్‌ను చూస్తలేరు. నత్రజనిని చూస్తున్నరు. మరి యూరియా బస్తా మీద 46 శాతం నత్రజని అని రాసుంటది గదా. గది పాలల్ల కలిపితే?"

నాకు నోట మాట రాలేదు. ఆయన పట్టుకున్నదే ఈ పద్ధతిలోని అసలు లోపం! కెల్డాల్, డ్యూమాస్ రెండూ లెక్కపెట్టేది నత్రజనినే. అది ప్రొటీన్ నుంచి వచ్చిందా, యూరియా నుంచి వచ్చిందా అన్నది వాటికి తెలియదు. లీటరు పాలలో ఒక గ్రాము యూరియా వేస్తే దాదాపు 3 గ్రాముల ప్రొటీన్ పెరిగినట్టు చూపిస్తాయి.

ఇది కేవలం ఊహ కాదు. 2008లో చైనాలో జరిగింది ఇలాంటిదే. పాలలో నీళ్లు కలిపారు. నీళ్లు కలిపితే ప్రొటీన్ లెక్క తగ్గుతుంది కాబట్టి, దాన్ని కప్పిపుచ్చడానికి మెలమైన్ అనే పొడి కలిపారు. మెలమైన్ ప్లాస్టిక్ సామాన్ల తయారీలో వాడే రసాయనం. దాని బరువులో మూడింట రెండొంతులు నత్రజనే. లీటరుకు ఒక గ్రాము కలిపితే 4 గ్రాములకు పైగా ప్రొటీన్ ఉన్నట్టు మిషన్‌లో కనిపిస్తుంది. ఆ పాలతో చేసిన పాలపొడి తాగి దాదాపు 3 లక్షల మంది పసిపిల్లలు జబ్బుపడ్డారు. కిడ్నీల్లో రాళ్లు వచ్చాయి. ఆరుగురు చనిపోయినట్టు అధికారికంగా ప్రకటించారు.

అక్కడ టెస్ట్ అబద్ధం చెప్పలేదు. నత్రజని ఎంత అని అడిగారు, ఉన్నంత చెప్పింది. ప్రొటీన్ ఎంత అని అడగనేలేదు.

అలా అడగడానికి దారి ఉంది. పాలలో ట్రైక్లోరో ఎసిటిక్ యాసిడ్ కలిపితే ప్రొటీన్ ముద్దగా అడుగుకు చేరుతుంది. యూరియా, మెలమైన్ లాంటివి పైన నీళ్లలోనే కరిగి ఉంటాయి. వడగట్టి, అడుగున ఉన్నదానికే కెల్డాల్ చేస్తే అసలైన ప్రొటీన్ లెక్క తేలుతుంది. చీజ్ అయ్యే కేసిన్ ఎంతో విడిగా కావాలంటే, పాల ఆమ్లగుణాన్ని పీహెచ్ 4.6 దగ్గరికి తెస్తారు. అక్కడ కేసిన్ మాత్రమే విరిగి గడ్డకడుతుంది. చైనా ఘటన తర్వాత మెలమైన్‌ను నేరుగా వెతికే టెస్టులు పెరిగాయి. పసిపిల్లల పాలపొడిలో కిలోకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని 2010లో అంతర్జాతీయ పరిమితి కూడా పెట్టారు.

నిమిషంలో తేలే లెక్క

రోజూ వందల మంది రైతుల పాలకు కెల్డాల్ చేయడం అయ్యే పని కాదు. అందుకే పెద్ద డెయిరీల్లో పరారుణ కిరణాల మిషన్లు వాడతారు. కంటికి కనిపించని ఆ కిరణాలను పాలలోంచి పంపుతారు. ప్రొటీన్ ఒకచోట, వెన్న ఒకచోట, చక్కెర ఒకచోట ఆ కిరణాలను పీల్చుకుంటాయి. ఎంత పీల్చుకున్నాయో చూసి అన్నిటి లెక్కా ఒక్క నిమిషంలోపే మిషన్ చెప్పేస్తుంది. రైతుకు వెన్న, ప్రొటీన్ లెక్కన డబ్బులిచ్చే చోట ఈ మిషన్ అంకెలే ఆధారం.

అయితే ఈ మిషన్ తనంతట తాను ఏమీ తెలుసుకోలేదు. కెల్డాల్‌తో ముందే లెక్క తేల్చిన పాలను చూపించి దానికి నేర్పాలి. ఆవు పాలతో నేర్పిన మిషన్‌లో గొర్రె పాలు పోస్తే అంకె తప్పొచ్చు. గొర్రె పాలు చిక్కన, వెన్న, ప్రొటీన్ రెండూ ఎక్కువ. కాబట్టి గొర్రె పాలతోనే విడిగా నేర్పాలి. ఆ సర్దుబాటు అర శాతం తప్పినా ఏడాది పొడుగునా కాపరికి రావాల్సిన డబ్బు తగ్గుతుంది. ఆ సంగతి అతనికి తెలియను కూడా తెలియదు.

ఇంతకీ ఎవరి పాలు?

ఇక పెద్దన్న అడిగిన మొదటి ప్రశ్నకు వద్దాం. ప్రొటీన్ ఎంతుందో తెలిస్తే అవి గొర్రె పాలో కాదో చెప్పొచ్చా? చెప్పలేం! గొర్రె పాలలో ప్రొటీన్ జాతిని బట్టి, మేతను బట్టి మారుతుంది. ఈనిన కొత్తలో ఒకలా, పాలు వట్టిపోయే ముందు ఒకలా ఉంటుంది. 5.6 శాతం ప్రొటీన్ ఉన్న గొర్రె పాలలో పదో వంతు ఆవు పాలు కలిపారనుకోండి. లెక్క 5.37 దగ్గరికి వస్తుంది. అంత తేడా మామూలుగా కూడా వస్తుంది. దాన్ని బట్టి ఎవరినీ పట్టుకోలేం.

రంగు చూస్తే? ఆవు పాలలో కెరోటిన్ వల్ల కొంచెం పసుపు ఛాయ ఉంటుంది. గొర్రె ఆ కెరోటిన్‌ను విటమిన్ 'ఎ'గా మార్చేసుకుంటుంది కాబట్టి దాని పాలు తెల్లగా ఉంటాయి. కానీ కొద్దిగా కలిపితే కంటికి ఆనదు.

అందుకే ఇక్కడ ప్రొటీన్ ఎంత అని కాదు, ఏ ప్రొటీన్ అని అడగాలి. ఆవు కేసిన్‌కు, గొర్రె కేసిన్‌కు నిర్మాణంలో చిన్న చిన్న తేడాలున్నాయి. యూరోపియన్ యూనియన్ దీనికో అధికారిక పద్ధతి పెట్టుకుంది. ముందు చీజ్‌లోంచి కేసిన్‌ను వేరుచేస్తారు. దాన్ని ప్లాస్మిన్ అనే ఎంజైమ్‌తో ముక్కలు చేస్తారు. అలా వచ్చే కొన్ని ముక్కలను గామా కేసిన్లు అంటారు. వాటిని పల్చటి జెల్ పలక మీద ఉంచి కరెంటు పెడతారు. ఆ పలక మీద ఒక చివరి నుంచి ఇంకో చివరికి ఆమ్లగుణం మెల్లమెల్లగా మారుతూ ఉంటుంది. ప్రతి ప్రొటీన్ ముక్కా తనకు సరిపడే చోటు దాకా జరిగి అక్కడ ఆగిపోతుంది. రంగు వేస్తే ఆగినచోట గీతలు కనిపిస్తాయి. ఆవు గామా కేసిన్ గీతలు వేరే చోట పడతాయి.

పక్కనే రెండు ఆధారాలు కూడా పెడతారు. ఒకటి ఆవు పాలు అసలు లేనిది, రెండోది సరిగ్గా 1 శాతం ఆవు పాలు ఉన్నది. పరీక్షించే చీజ్‌లో ఆవు గీతలు ఆ 1 శాతందానితో సమానంగానో, ఎక్కువగానో ఉంటే ఆవు పాలు కలిసినట్టే లెక్క. అంటే నూరు లీటర్లలో ఒక లీటరు కలిపినా దొరికిపోతారు! వేడి చేసిన పాలలోనూ ఇది పనిచేస్తుంది, ఎందుకంటే కేసిన్ వేడికి తట్టుకుంటుంది. ఇదిగాక యాంటీబాడీలతో చేసే ఎలైజా పరీక్ష, డీఎన్ఏను వెతికే పీసీఆర్ పరీక్ష కూడా ఉన్నాయి.

ఈ కాపలా దేనికంటే, ఆ పేర్లకు చట్టం ఉంది. ఫెటా పేరుకు యూరప్‌లో 2002లో రక్షణ వచ్చింది. అందులో గొర్రె పాలుండాలి, కలిపితే మేక పాలే, అదీ 30 శాతం దాటకూడదు. ఆవు పాలు పనికిరావు. గల్ఫ్‌లో ఇష్టంగా తినే సైప్రస్ హల్లూమీకి 2021 ఏప్రిల్‌లో ఇలాంటి రక్షణే వచ్చింది. అందులో ఆవు పాలు ఉండొచ్చు గానీ, వాటికంటే గొర్రె, మేక పాలే ఎక్కువుండాలన్నది నియమం. దాన్ని పూర్తిగా పాటించడానికి అక్కడి తయారీదారులకు గడువు కూడా ఇవ్వాల్సి వచ్చింది.

మా సైట్‌లో జరిగిన సంగతి

ఇవన్నీ చదువుతుంటే నాకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. చాలా ఏళ్ల కింద నేను పనిచేసిన ఒక సైట్‌లో ఎండాకాలం రాత్రి స్లాబ్ వేస్తున్నాం. మొదటి లారీ రాగానే కాంక్రీట్ తీసి క్యూబ్‌లు నింపాం. శాంపిల్ ఫారం మీద సంతకం నాదే. తర్వాత లారీలు ఆలస్యమయ్యాయి. ఆ వేడికి కాంక్రీట్ బిగుసుకుంటుంటే పంపు దగ్గర నీళ్లు కలిపారు. నేను చూశాను. వద్దని ఒకసారి అన్నాను, రెండోసారి అనలేదు. అప్పటికి నేను చేరి నాలుగు నెలలే.

ఇరవై ఎనిమిది రోజులకు క్యూబ్‌ల రిజల్ట్ వచ్చింది. అన్నీ పాస్! రావూ మరి? క్యూబ్‌లలో ఉన్నది నీళ్లు కలపక ముందు కాంక్రీట్. ఆ తర్వాత స్లాబ్ అడుగున ఒకచోట తేడా కనిపించి, కన్సల్టెంట్ ఇంజనీరు అక్కడే కోర్ తీయించాడు. ఫెయిల్. ఆ భాగమంతా పగలగొట్టి మళ్లీ వేశాం. పైన ఎవరూ ఉండక ముందే బయటపడింది కాబట్టి సరిపోయింది. ఆ ఫారం మీద నా సంతకం మాత్రం ఇప్పటికీ గుచ్చుతూనే ఉంటుంది.

పాల సంగతీ అంతే. ఎంత ఖరీదైన మిషనైనా తన గొట్టంలో పోసిన పాల గురించే చెబుతుంది. ట్యాంక్‌ను బాగా కలిపి తీశారా? తీసిన శాంపిల్‌ను చల్లగా ఉంచారా? సీసా మీద నంబరు సరిగా రాశారా? తీసిన తర్వాత ట్యాంక్‌లో ఇంకేమన్నా పోశారా? ఇవన్నీ చూసుకోవాల్సింది మిషన్ కాదు, అక్కడ నిలబడ్డ మనిషే. చాలాసార్లు ఆ మనిషి నాలాంటి చిన్న ఉద్యోగే అయి ఉంటాడు. అతను రెండోసారి కూడా వద్దని అనగలిగితేనే ఆ తర్వాతి లెక్కలకు విలువ.

కొనేటప్పుడు చూడాల్సింది

ఇంట్లో ఈ టెస్టులేవీ మనం చేయలేం. కానీ ప్యాకెట్ ముందున్న బొమ్మను కాకుండా, వెనక చిన్న అక్షరాలను చదవొచ్చు. ఏ పాలు వాడారో అక్కడ రాసి ఉంటుంది. యూరప్ నుంచి వచ్చిన చీజ్ మీద ఎరుపు, పసుపు రంగుల గుండ్రటి ముద్ర ఉంటే, ఆ పేరుకు చట్టపరమైన రక్షణ ఉందని అర్థం. పై పరీక్షలు ఆ పేరుకు కాపలా కాస్తాయి.

పోయిన నెల పెద్దన్న మళ్లీ వచ్చాడు. ఈసారి గొర్రె బొమ్మ ఉన్న ప్యాకెట్టే కొన్నాం. రూంలో రొట్టెలతో తిన్నాం. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఉప్పు ఎక్కువైంది. కానీ గొర్రె వాసనైతే ఉన్నది తమ్మీ" అన్నాడు.

"మరి నమ్మొచ్చా అన్నా?"

"నా నాలుకకు తెలిసింది నేను చెప్పిన. నూటికొక్క లీటరు కలిపితే నా నాలుకకు కూడా తెల్వది. గది ఆ కరెంటు పెట్టేటోళ్లనే అడగాలె" అని ఇంకో ముక్క తీసుకున్నాడు.